హోమ్ థియేటర్: ఒకే పెట్టెలో కొనాలా, విడివిడిగా కూర్చుకోవాలా

ఇంట్లో టీవీకి సినిమాహాల్లో వినిపించేలాంటి ధ్వని తోడవ్వాలంటే రెండు దారులున్నాయి. కంపెనీ ఒకే అట్టపెట్టెలో పెట్టి అమ్మే పూర్తి సెట్టు మొదటిది. ఐదు చిన్న స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్, వాటన్నిటినీ నడిపే ఒక యూనిట్ అందులో ఉంటాయి. ఇప్పుడు దుకాణాల్లో దాని స్థానాన్ని చాలావరకు సౌండ్‌బార్ ఆక్రమించింది. టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకరు, దానికి తోడు సబ్‌వూఫర్, కొన్నిటికి వెనక పెట్టుకునే రెండు బుల్లి స్పీకర్లు. రెండో దారిలో స్పీకర్లన్నిటినీ నడిపే ఏవీ రిసీవర్ ఒక కంపెనీది, ముందు స్పీకర్లు మరో కంపెనీవి, సబ్‌వూఫర్ ఇంకొకరిది, ఇలా ఒక్కొక్కటీ ఎంచి కూర్చుకోవాలి. సెట్టు సాయంత్రం కొంటే రాత్రికి సినిమా చూడొచ్చు. విడిభాగాల పని నెలల తరబడి సాగినా ఆశ్చర్యం లేదు.

ఈ ప్రశ్న హైదరాబాద్ విల్లాల్లోనే కాదు, చిన్న ఊళ్లలోనూ వస్తోంది. ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌పూర్‌కు తూర్పున, 53వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న మందిర్ హసౌద్‌నే తీసుకోవచ్చు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్ చేరే రైలుమార్గం 1931లో పూర్తయింది. మందిర్ హసౌద్ స్టేషన్ ఆ మార్గం మీదే ఉంది. రైల్వే ఉద్యోగాలకీ, వ్యాపారాలకీ వచ్చి రాయ్‌పూర్, భిలాయ్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు తెలుగు సినిమాను తెలుగులోనే చూసే చోటు ఎక్కువగా ఇంటి హాలే. బయట హాళ్లలో పెద్ద తెలుగు సినిమాలు సాధారణంగా హిందీ డబ్బింగ్‌లో ఆడతాయి. అందుకే ఈ ఇళ్లలో హోమ్ థియేటర్ మోత కోసం కొనేది కాదు. పాత్ర పలికిన మాట అక్షరం పోకుండా వినపడాలి. ఎంపికకు తొలి కొలబద్ద అదే కావాలి.

సెట్ల మీద కనిపించే 5.1 అన్న అంకె ఎక్కడిదో ముందు చూడాలి. తెర ముందు ఎడమ, మధ్య, కుడి స్పీకర్లు, ప్రేక్షకుడికి రెండు పక్కలా కొంచెం వెనగ్గా రెండు సరౌండ్ స్పీకర్లు కలిపి ఐదు. తక్కువ పౌనఃపున్యాల కోసం ప్రత్యేకించిన ఛానెల్ ఆ చివరి ఒకటి. ఈ డిజిటల్ ధ్వని 1992లో ‘బ్యాట్‌మన్ రిటర్న్స్’తో డాల్బీ డిజిటల్‌గా, 1993లో ‘జురాసిక్ పార్క్’తో డీటీఎస్‌గా సినిమాహాళ్లకు వచ్చింది. 1996 చివర్లో జపాన్‌లో డీవీడీ అమ్మకానికి వచ్చాక ఇళ్లకు చేరడం మొదలైంది. మన దగ్గర 2000 దశకంలో సోనీ, ఫిలిప్స్, ఎల్‌జీ, శాంసంగ్ కంపెనీల డీవీడీ హోమ్ థియేటర్ సెట్లు ఆ ధ్వనిని మధ్యతరగతి హాలులోకి తెచ్చాయి. డీవీడీ ప్లేయరు, ఆంప్లిఫయరు, డీకోడరు ఒకే డబ్బాలో ఇమిడిపోయేవి. వైర్లకు రంగులు, స్పీకర్లకు పేర్ల చీటీలు ఉండేవి. ఎవరి సాయమూ లేకుండా బిగించుకోగలిగే వీలు వాటి గొప్ప సుగుణం. దాన్ని తక్కువ చేయకూడదు.

తర్వాత ఆ సెట్లకు పట్టిన గతిలోనే ఈ విషయంలోని అసలు పాఠం ఉంది. టీవీ నుంచి ధ్వనిని హెచ్‌డీఎంఐ తీగ ద్వారానే వెనక్కి పంపే ఏఆర్‌సీ పద్ధతి 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది. 2012లో సినిమాహాళ్లకు వచ్చిన, పైనుంచి కూడా ధ్వని వినిపించే డాల్బీ అట్మాస్ 2014లో ఇళ్లకు వచ్చింది. 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో పాటు ఏఆర్‌సీకి మెరుగైన రూపమైన ఈఆర్క్ వచ్చింది. ఈలోగా సినిమా డిస్కు నుంచి ఓటీటీకి మారింది. డీవీడీ సెట్టులో స్పీకర్లు బాగానే ఉన్నాయి, ఆంప్లిఫయరూ పనిచేస్తోంది, కానీ డిస్కు వాడేవాళ్లు లేరు, కొత్త టీవీని కలపడానికి సరైన సాకెట్టు లేదు. ఒక్క భాగం పాతబడేసరికి మొత్తం సెట్టు అటకెక్కింది. హోమ్ థియేటర్‌లోని భాగాల ఆయుష్షు ఒకటి కాదు. డీకోడరూ, సాకెట్లూ ఉండే ఎలక్ట్రానిక్స్ ఐదారేళ్లలో వెనకబడతాయి. మంచి స్పీకరు ఇరవై ఏళ్లు పలుకుతుంది. దాని కోను అంచుకు ఫోము ఉంటే కాలక్రమేణా పొడిపొడిగా రాలుతుంది, కానీ అదీ మార్పించుకోవచ్చు. రబ్బరు అంచయితే ఇంకా ఎక్కువ కాలం మన్నుతుంది. అన్నిటినీ ఒకే పెట్టెలో కట్టేస్తే అన్నిటికన్నా తొందరగా ముసలిదయ్యే భాగమే మొత్తం ఆయుష్షును నిర్ణయిస్తుంది. విడిభాగాల వైపు చెప్పాల్సిన అతి బలమైన మాట ఇదే. నాణ్యత మాట దీని తర్వాతే.

మరి సెట్టులోని స్పీకర్లు తీసి కొత్త రిసీవర్‌కు తగిలించవచ్చు కదా అని చాలామందికి అనిపిస్తుంది. సాధారణంగా కుదరదు. చాలా సెట్లలో స్పీకర్ల ఇంపిడెన్స్ 3 లేదా 4 ఓమ్‌లు ఉంటుంది. మామూలు ఏవీ రిసీవర్లను 6 నుంచి 8 ఓమ్‌ల స్పీకర్ల కోసం తయారుచేస్తారు. తక్కువ ఓమ్‌ల స్పీకరు ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి రిసీవరు వేడెక్కి రక్షణ కోసం తనంతట తానే ఆగిపోతుంది, లేదా పాడవుతుంది. కొన్ని కంపెనీలు తమకే ప్రత్యేకమైన ప్లగ్గులు పెడతాయి. సబ్‌వూఫర్ చిక్కు ఇంకా పెద్దది. సెట్టులో వచ్చే సబ్‌వూఫర్‌కు తరచూ సొంత ఆంప్లిఫయర్ ఉండదు, దాన్ని నడిపేది ప్రధాన యూనిట్. విడిగా అమ్మే సబ్‌వూఫర్ సొంత ఆంప్లిఫయర్‌తో, కరెంటు ప్లగ్గుతో వస్తుంది. రిసీవర్ నుంచి దానికి సన్నని సిగ్నల్ తీగ చాలు. పాత సెట్టును వదిలించుకునేటప్పుడు చెత్తబుట్టలో వేయకూడదన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వాటిని నమోదైన రీసైక్లింగ్ సంస్థలకు చేర్చే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి.

వాట్ల లెక్కలో కొనుగోలుదారు ఎక్కువగా మోసపోతాడు. పెట్టె మీద పీఎంపీఓ అని వేలల్లో రాసిన అంకెకు అర్థమే లేదు. అది ఏ ప్రమాణానికీ లోబడి కొలిచింది కాదు. ఆర్‌ఎంఎస్ అని రాసినా, ఏ పరిస్థితిలో కొలిచారో చూడాలి. సెట్లకు చాలాసార్లు ధ్వని పది శాతం దాకా వక్రించినప్పటి శక్తిని, అదీ అన్ని ఛానెళ్లూ కలిపి రాస్తారు. పది శాతం వక్రత అంటే గొంతు బొంగురుపోయినట్టు చెవికి తెలిసిపోయే స్థాయి. మంచి రిసీవర్‌కు ఛానెల్‌కు 70, 80 వాట్లు అని, 8 ఓమ్‌ల దగ్గర, 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు, 0.1 శాతం లోపు వక్రతతో, రెండు ఛానెళ్లు నడిచినప్పుడు అని వివరంగా రాసి ఉంటుంది. చిన్న అంకె అయినా నిజాయితీ ఉన్న అంకె. నిజానికి ఇంటి హాలుకు వాట్లు చాలానే అక్కర్లేదు. 87 డెసిబెల్స్ సున్నితత్వం ఉన్న స్పీకరు ఒక్క వాటుతో మీటరు దూరంలో 87 డెసిబెల్స్ ధ్వని ఇస్తుంది. మూడు మీటర్ల దూరంలోని సోఫా దగ్గరికి వచ్చేసరికి అది దాదాపు 80కి తగ్గుతుంది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. అంటే పది వాట్లతో 90, వంద వాట్లతో 100. 400 వాట్ల సెట్టుకూ 500 వాట్ల సెట్టుకూ మధ్య తేడా చెవికి దాదాపు ఆనదు.

చెవికి ఆనే తేడా స్పీకరు పరిమాణంలో ఉంది. సెట్టులోని స్పీకరు కోను రెండున్నర, మూడు అంగుళాలు ఉంటుంది. అది 150, 200 హెర్ట్జ్ కిందికి దిగలేదు. ఆ లోటంతా సబ్‌వూఫర్ మోయాలి. మగగొంతు మూలస్వరం 100 నుంచి 150 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. కాబట్టి నాయకుడి గొంతులోని బరువు తెర నుంచి రాక, గది మూలన పెట్టిన సబ్‌వూఫర్ నుంచి వస్తుంది. గొంతు పలచబడి, ఏదో గుమ్మనే మోత విడిగా వినిపిస్తుందని చాలామంది ఫిర్యాదు చేసేది దీని గురించే. సుమారు 80 హెర్ట్జ్ కింద మాత్రమే ధ్వని ఏ దిక్కునుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు. హోమ్ థియేటర్లకు టీహెచ్ఎక్స్ సంస్థ 80 హెర్ట్జ్‌ను హద్దుగా పెట్టడానికి కారణం అదే. ఆ హద్దు దాకా దిగాలంటే ముందు స్పీకరులో ఐదు, ఆరున్నర అంగుళాల వూఫరు ఉండాలి. విడిగా కొనే సాధారణ బుక్‌షెల్ఫ్ స్పీకర్లలో అది ఉంటుంది.

ఇంతకన్నా పెద్ద భాగం మరొకటి ఉంది. అది గది. దాన్ని ఎవరూ పెట్టెలో పెట్టి అమ్మరు. మందిర్ హసౌద్‌లోనూ, పక్కనే పెరుగుతున్న నవా రాయ్‌పూర్‌లోనూ మామూలు ఇంటి హాలు పది అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు అనుకుందాం. స్లాబు, ప్లాస్టరింగు చేసిన ఇటుక గోడలు, నేల మీద టైల్స్. సినిమాహాల్లో సీట్లు, గోడల మీది బట్ట, తివాచీ ధ్వనిని పీల్చుకుంటాయి. ఇక్కడ పీల్చుకునేది దాదాపు ఏమీ లేదు. హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొడితే చివర్లో రెక్కల చప్పుడులా టపటప వినిపిస్తే, సంభాషణ మీద ఆ ప్రతిధ్వని పరుచుకుంటుందని అర్థం. ఆ గదిలో లక్ష రూపాయల స్పీకర్లయినా మాట స్పష్టంగా ఇవ్వలేవు. నేల మీద మందపాటి జంబుఖానా, కిటికీలకు బరువైన పరదాలు, స్పీకర్లకు ఎదురుగోడ మీద పుస్తకాల బీరువా, ఇవి తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేస్తాయి. సెట్టు కొన్నా, విడిభాగాలు కొన్నా ముందు చేయాల్సిన పని ఇది.

గది కొలతలు బేస్‌ను కూడా శాసిస్తాయి. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 345 మీటర్లు. పద్నాలుగు అడుగులంటే 4.27 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య ధ్వని తరంగం స్థిరపడి ఉబ్బే తొలి పౌనఃపున్యం 40 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. పది అడుగుల వెడల్పుకు అది 57 హెర్ట్జ్. ఎత్తు కూడా పది అడుగులే కాబట్టి అదే 57 దగ్గర రెండు అనునాదాలు ఒకదానిపై ఒకటి పడి బేస్ గుయ్యిమంటుంది. గది మధ్యలో కూర్చున్నవారికి అదే బేస్ మాయమవుతుంది. సోఫా వెనకగోడకు ఆనించి ఉంటే ఈ ఉబ్బు ఇంకా ఎక్కువ. ఒకటి రెండు అడుగులు ముందుకు జరిపితే సగం బాధ తీరుతుంది. సబ్‌వూఫర్‌ను మూల నుంచి కదిలించి రెండు మూడు చోట్ల విని చూడటం అంతకంటే ముఖ్యం. రిసీవర్లతో వచ్చే చిన్న మైకు ఇక్కడే పనికొస్తుంది. సోఫా దగ్గర దాన్ని పెడితే రిసీవరు ఒక్కో స్పీకరు నుంచి ఈల లాంటి స్వరం పంపి, దూరాలు, స్థాయులు, ప్రతిధ్వని లెక్కగట్టి సరిచేస్తుంది. డెనాన్‌లో ఆడిసీ, యమహాలో వైపీఏఓ అనే పేర్లతో ఇది ఉంటుంది. ఇప్పటి ఖరీదైన సౌండ్‌బార్లలోనూ ఇలాంటిది వస్తోంది, చవక సెట్లలో ఉండదు.

స్పీకర్లు ఎక్కడ ఉండాలో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య సిఫారసు చెబుతుంది. వినేవాడి ఎదురుగా గీసిన గీతకు ముందు స్పీకర్లు రెండు పక్కలా 30 డిగ్రీల దగ్గర, సరౌండ్ స్పీకర్లు 100 నుంచి 120 డిగ్రీల మధ్య. పది అడుగుల వెడల్పు హాల్లో సరౌండ్ స్పీకర్లకు అటు ద్వారం, ఇటు కిటికీ అడ్డొస్తాయి. అలాంటి చోట ఐదు స్పీకర్లను ఎక్కడపడితే అక్కడ వేలాడదీయడంకన్నా ముందు రెండు మంచి స్పీకర్లు, మధ్యలో ఒకటి సరిగ్గా పెట్టుకోవడం మేలు. మాటలన్నీ దాదాపుగా మధ్య స్పీకరులోంచే వస్తాయి. విడిభాగాల్లో దాని మీద ఎక్కువ ఖర్చు పెట్టే వీలుంది, సెట్టులో అది మిగతా నాలుగింటిలాగే చిన్నది. రాయ్‌పూర్ ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటిన రోజులుంటాయి. హాల్లో కూలరు నడుస్తూ ఉంటుంది, వీధి పక్క ఇల్లయితే రహదారి మీది లారీల రొద తోడు. కూలరు హోరు మాటల స్థాయికి దగ్గరగా వెళ్లే గదిలో ధ్వని పెంచితే పాటలూ, పోరాటాలూ భరించలేనంత పెద్దవవుతాయి, తగ్గిస్తే మాట వినపడదు. రిసీవర్‌లో మధ్య స్పీకరును మాత్రమే రెండు మూడు డెసిబెల్స్ పెంచి ఈ చిక్కు తీర్చుకోవచ్చు. కొన్ని సౌండ్‌బార్లలోనూ సంభాషణను పెంచే బటను ఉంటుంది. కొనేముందు అది ఉందో లేదో అడగాలి.

ధ్వని ఎక్కడి నుంచి వస్తుందన్నది తర్వాతి మెట్టు. ఓటీటీ యాప్‌లు సాధారణంగా డాల్బీ డిజిటల్ ప్లస్ పద్ధతిలో పంపుతాయి, అట్మాస్ ఉంటే అది కూడా అందులోనే ఒదిగి వస్తుంది. దీన్ని ఏఆర్‌సీ ఉన్న హెచ్‌డీఎంఐ సాకెట్టు మోయగలదు, ఆప్టికల్ తీగ మోయలేదు. ఆప్టికల్ తీగ పాత డాల్బీ డిజిటల్, డీటీఎస్ దాకానే. బ్లూ-రే డిస్కుల్లోని నష్టంలేని ధ్వనిని టీవీ మీదుగా పంపాలంటే ఈఆర్క్ కావాలి. అయితే ప్లేయరును నేరుగా రిసీవర్‌కు కలిపితే ఆ అవసరమే రాదు. బజారులో బ్లూటూత్, యూఎస్‌బీ, ఎఫ్‌ఎం ఉన్న ‘5.1’ సెట్లు చవగ్గా దొరుకుతాయి. వాటిలో చాలావాటికి డాల్బీ డీకోడరే ఉండదు. హెచ్‌డీఎంఐ, ఆప్టికల్ సాకెట్లలో ఏదీ లేకపోతే ఆ సెట్టు టీవీ నుంచి రెండు ఛానెళ్ల ధ్వని తీసుకుని ఐదు స్పీకర్లకూ పంచుతోందంతే. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ తరహా బజార్లలో బిగించి ఇచ్చే అసెంబుల్డ్ ఆంప్లిఫయర్లలోనూ ఇదే చూసుకోవాలి. వాటిలో కొన్ని గట్టిగా, శుభ్రంగానే మోగుతాయి, కానీ సినిమా సరౌండ్ వేరే సంగతి. ఒకే సినిమాకు ఒక భాష ట్రాకు 5.1లో, మరో భాష ట్రాకు స్టీరియోలో ఉండటం కూడా మామూలే. అలాంటప్పుడు రెండు ఛానెళ్ల నుంచి మాటలను మధ్యకు లాగే డాల్బీ సరౌండ్ లాంటి సదుపాయం ఉన్న రిసీవరు తెలుగు ఇంటికి అక్కరకొస్తుంది.

విడిభాగాలకు ఇబ్బందులు లేకపోలేదు. రిసీవరు బాగా వేడెక్కుతుంది. నాలుగు వైపులా మూసిన టీవీ యూనిట్ గూట్లో, నడివేసవిలో, దుమ్ము పట్టి ఉంటే దాని ఆయుష్షు తగ్గుతుంది. పైన అరడుగు ఖాళీ వదలాలి, కూలరు తడిగాలి నేరుగా తగలకూడదు. వానాకాలం పిడుగులు డీటీహెచ్ తీగ వెంట లోపలికి రావచ్చు కాబట్టి ఉరుముల వేళ కరెంటు ప్లగ్గుతో పాటు ఆ తీగనూ పీకేయాలి. ఇంటి ఎర్తింగు సరిగా లేకపోతే 50 హెర్ట్జ్ గుర్రుమనే శబ్దం స్పీకర్లలో వస్తుంది. అది రిసీవర్ దోషమని మెకానిక్‌ల చుట్టూ తిరిగేముందు డిష్ తీగ తీసి చూడాలి. కొత్త ఇల్లు కట్టేవాళ్లు వైరింగు కోసం గోడలు కొట్టేప్పుడే టీవీ నుంచి సోఫా వెనక్కి అంగుళం పైపు వేయించుకుంటే చాలు, తర్వాత ఏ తీగైనా లాగొచ్చు. కరెంటు తీగలు అందులో వేయకూడదు. పదిమీటర్ల లోపు దూరానికి ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ సరిపోతుంది, వేల రూపాయల స్పీకరు కేబుల్ అక్కర్లేదు.

అమెరికాలో ఉన్న పిల్లలు వస్తూ రిసీవరు తెచ్చే సందర్భం తెలుగు ఇళ్లలో తరచు వస్తుంది. అక్కడి రిసీవరు 120 వోల్టులది. మన 230 వోల్టులకు నేరుగా పెడితే క్షణంలో కాలిపోతుంది. తగిన సామర్థ్యమున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, కంపెనీ వారంటీ ఇక్కడ సాధారణంగా చెల్లదు. డిస్కులకూ ప్రాంతాల చిక్కుంది. డీవీడీల్లో అమెరికాది 1, మనది 5. బ్లూ-రేల్లో వాళ్లది ఏ, మనది సీ. సొంత ఆంప్లిఫయరు లేని మామూలు స్పీకర్లకు మాత్రం వోల్టేజీతో పనిలేదు, బరువు మోయగలిగితే అవి ఎక్కడివైనా ఇక్కడ పలుకుతాయి.

ఇక డబ్బు. ఇరవై వేల లోపు ఖర్చు పెట్టదలచినవారు విడిభాగాల ఆలోచన పెట్టుకోకపోవడమే మంచిది. హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ, డాల్బీ డీకోడరు, విడిగా మధ్య ఛానెల్ ఉన్న సౌండ్‌బార్ సెట్టు వాళ్లకు సరైన ఎంపిక. అద్దె ఇల్లు, తరచూ బదిలీలయ్యే ఉద్యోగం, గోడకు మేకు కొట్టే వీలులేని చోటు, వైర్లు చూస్తే విసుక్కునే పెద్దవాళ్లు, ఇవన్నీ కూడా సెట్టు వైపే మొగ్గుతాయి. కొత్త సరుకుతో పూర్తి 5.1 విడిభాగాలు కావాలంటే అరవై, డెబ్బై వేలకు తగ్గి దొరకడం కష్టం. కానీ ఒక్కసారే పెట్టనక్కర్లేదు. మొదటి ఏడాది రిసీవరు, రెండు ముందు స్పీకర్లు చాలు. రిసీవర్‌కు మధ్య స్పీకరు లేదని చెబితే మాటలను రెండిటికీ సమానంగా పంపుతుంది, నడిమధ్య కూర్చున్నవారికి అవి తెర నుంచే వచ్చినట్టుంటాయి. తర్వాత మధ్య స్పీకరు, ఆపైన సబ్‌వూఫర్, చివరగా సరౌండ్‌లు. బడ్జెట్టులో సగం స్పీకర్లకు కేటాయించాలి. రిసీవరు డెనాన్, యమహా, ఒంకియో లాంటివాటిలో కింది తరగతిదైనా సరిపోతుంది, వెనకబడినప్పుడు అదొక్కటే మారుతుంది. కోల్‌కతాకు చెందిన సోనోడైన్ లాంటి దేశీ సంస్థల పాత స్పీకర్లు, వాడినవైనా, కోను అంచు బాగుంటే సంకోచం లేకుండా తీసుకోవచ్చు. పాత రిసీవర్‌ను మాత్రం హెచ్‌డీఎంఐ సాకెట్లు పరీక్షించకుండా కొనకూడదు, అవే ముందు పోతాయి.

పక్కింటితో గోడ కలిసి ఉన్న ఇళ్లలో సబ్‌వూఫర్ గురించి ఇంకొంచెం ఆలోచించాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ పరిమితి పెట్టాయి. తక్కువ పౌనఃపున్యాలను ఇటుక గోడ పెద్దగా ఆపలేదు. రిసీవర్లలోనూ, మంచి సౌండ్‌బార్లలోనూ ఉండే నైట్ మోడ్ పెద్ద శబ్దాలను అణచి చిన్నవాటిని పైకి తెస్తుంది. రాత్రి ఆటకు అది అలవాటు చేసుకోవడం అందరికీ సుఖం.

దుకాణంలో పరీక్షించేటప్పుడు అమ్మేవాడు పెట్టే పేలుళ్ల వీడియో వినకూడదు, దానితో ప్రతి సెట్టూ గొప్పగానే ఉంటుంది. బాగా తెలిసిన తెలుగు సినిమాలో ఇద్దరు గొంతు తగ్గించి మాట్లాడుకునే సన్నివేశం పెట్టించాలి. ఇంట్లో వినే స్థాయిలోనే వినాలి. తర్వాత సబ్‌వూఫర్ ఆపించి అదే సన్నివేశం మళ్లీ వినాలి. గొంతులు అప్పుడు టెలిఫోన్‌లో మాటల్లా పీలగా మారితే ఆ సెట్టులోని స్పీకర్లు మరీ చిన్నవి. ఆ పైన పాట ఒకటి, వాన కురిసే దృశ్యం ఒకటి చాలు. రిసీవరు కొంటున్నా, సౌండ్‌బార్ కొంటున్నా బిల్లు మీద సీరియల్ నంబరు వేయించుకుని, రాయ్‌పూర్‌లో ఆ కంపెనీ సర్వీస్ సెంటరు ఉందో, లేక నాగపూర్ పంపాలో అక్కడే అడిగి తేల్చుకోవాలి.